ఏలీ చేసిన మేలు
ఉన్నత పాఠశాల పిదప మార్గనిర్ణయమును గూర్చిన విచారణ

పదవ తరగతి ఫలితములు వెలువడిన తరువాత వచ్చు మొదటి ఆదివారము తెలుగు సంఘములలో ప్రత్యేకమైన దినము. ఆరాధన మధ్యలో కృతజ్ఞతార్పణలు చదువబడును. ఫలానివారి కుమార్తెకు ఇన్ని మార్కులు వచ్చినందుకు, ఫలానివారి కుమారుడు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనందుకు తలిదండ్రులు సమర్పించిన కానుకలను కాపరి ప్రకటించును. పిల్లలు ముందుకు వచ్చి తలలు వంచుదురు. పెద్దలు చేతులుంచి ప్రార్థింతురు. ఆరాధన ముగిసిన పిమ్మట మందిరపు వాకిట మిఠాయి పంచిపెట్టుదురు. అక్కడ అందరును అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇక ఏమి చదివించుచున్నారు?" ఆ ప్రశ్న తండ్రికి వేయబడును, తల్లికి వేయబడును. బిడ్డ ప్రక్కనే నిలిచియున్నను బిడ్డను అడుగువారు అరుదు. ఆ దినమున మందిరమునకు రాని పిల్లవాడొకడు కూడ ఉండును. అతని పేరు ఏ కానుకతోను చదువబడలేదు. అతడెందుకు రాలేదో అందరికిని తెలియును; ఎవరును అతని యింటికి పోరు.

ఈ రెండు దృశ్యముల వెనుక ఒక నైతిక ప్రశ్న దాగియున్నది. పదునైదు, పదునారేండ్ల బిడ్డ ఏ మార్గమున పోవలెనో నిర్ణయించు అధికారము ఎవరిది? తలిదండ్రులదా, బిడ్డదా, పరీక్ష నిర్వహించిన బోర్డుదా, ఇంటిలోని లేమిదా? దేవునిదే అని విశ్వాసి వెంటనే జవాబిచ్చును. ఆ జవాబు సత్యమే. అయితే దేవుని చిత్తమను మాట ఎవరి నోట వినబడుచున్నదో పరీక్షింపక, ఆ జవాబుతోనే తృప్తిపడుట అపాయకరము. తండ్రి తనకు తీరని కోరికను దేవుని చిత్తమని పిలువగలడు. బిడ్డ తన సోమరితనమును అదే పేరుతో పిలువగలడు. కాబట్టి ఈ ప్రశ్నను ఓర్పుతో విచారింపవలసియున్నది.

పుట్టుక ఇచ్చిన జవాబు

ఈ ప్రశ్నకు భారతదేశము ఇచ్చిన ప్రాచీనమైన జవాబు పుట్టుక. కుమ్మరి కుమారుడు సారె త్రిప్పవలెను. చర్మకారుని కుమారుడు తోలు ఊనవలెను. ఆడపిల్ల పొయ్యి వెలిగింపవలెను. బిడ్డను అడుగవలసిన పనియే లేదు. బిడ్డ పుట్టకముందే జవాబు సిద్ధముగానున్నది. ఈ ఏర్పాటులో పనితనము తరతరములకు అందినమాట నిజమే. అయితే అదే ఏర్పాటు కోట్లాది ప్రజలకు అక్షరమును నిషేధించినది.

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును పట్టిపీడించిన గొప్ప కరవులో, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. యౌవనమున భూముల కొలత పనిలో ఆయన గడించిన అనుభవము ఆ దినములలో అక్కరకు వచ్చినది. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు ఊరికి వెలుపల నివసించుచు తోలుపనియు కూలిపనియు చేసికొను మాదిగ కుటుంబములవారు. ఆ కుటుంబముల పిల్లలకు పలక చేతికి వచ్చుట, పుట్టుక వ్రాసిన తీర్పు కొట్టివేయబడుటయే. నేడు తెలుగు క్రైస్తవ గృహములలో తల్లి తన మెడలోని బంగారమును కుదువపెట్టి బిడ్డను చదివించుచున్నదనిన, దానిని కేవలము ఆశపోతుతనమని నిందింపరాదు. ఆ పట్టుదల వెనుక ఆమె అవ్వతాతలు మూయబడిన బడి తలుపు ఎదుట నిలిచిన జ్ఞాపకము ఉన్నది.

పుట్టుక ఇచ్చిన జవాబు మరియొక రూపములో తిరిగి రావచ్చునని కూడ చరిత్ర చూపుచున్నది. 1953లో, తెలుగు జిల్లాలు ఇంకను మద్రాసు రాష్ట్రములోనే యుండగా, రాజగోపాలాచారి ప్రభుత్వము ఒక ప్రాథమిక విద్యా పథకమును ప్రవేశపెట్టెను. పిల్లలు ఒక పూట బడిలో చదువుకొని, మరియొక పూట ఇంటి పనిని, తండ్రి వృత్తిని నేర్చుకొనవలెనని దాని ఉద్దేశము. చేతిపనిని గౌరవించుటకే ఈ పథకమని దానిని సమర్థించినవారు చెప్పిరి. కులమును బడిలోనికి తెచ్చుటయే యని ప్రజలు ఎదిరించిరి. 1954లో కామరాజు ముఖ్యమంత్రియైన పిదప అది రద్దుచేయబడెను. చేతిపనికి గౌరవమిచ్చుట మంచిదే. కాని ఎవరి బిడ్డ చేతికి ఏ పనిముట్టు ఇయ్యవలెనో పుట్టుకనుబట్టి నిర్ణయించినయెడల ఆ గౌరవము సంకెలగా మారును.

ర్యాంకు ఇచ్చిన జవాబు

నేటి సమాజము మరియొక జవాబు ఇచ్చుచున్నది: ర్యాంకు. మార్కులు ఎక్కువగా వచ్చినవాడు గణితముగాని జీవశాస్త్రముగాని తీసికొనవలెను. కొంచెము తగ్గినవాడు వాణిజ్యశాస్త్రము. మరికొంత తగ్గినవాడు చరిత్ర, పౌరశాస్త్రము. ఏదియు రానివాడు ఐ.టి.ఐ. ఈ నిచ్చెనను ఏ ప్రభుత్వమును చట్టముగా చేయలేదు. అయినను ప్రతి ఇంటిలోను అది చట్టమువలె చెల్లుచున్నది. పుట్టుకకంటె ర్యాంకు న్యాయమైనదని తోచును. నిజమునకు కొంతవరకు న్యాయమైనదే. ప్రవేశ పరీక్ష వ్రాయువాని ముత్తాత ఏ వీధిలో నివసించెనో జవాబు పత్రము అడుగదు. కాని ర్యాంకు కూడ పుట్టుకవలెనే బిడ్డను అడుగకయే బిడ్డ విషయమై తీర్పు చెప్పును. లెక్కలలో నూటికి తొంబది తెచ్చుకొన్న పిల్లకు రోగుల ప్రక్కన కూర్చుండి వారి మాట వినగల ఓర్పు ఉండవచ్చును. ఆ ఓర్పునకు మార్కులు లేవు. విద్యుత్ మోటారును విప్పి మరల అమర్చగల పిల్లవాని చేతికిని మార్కులు లేవు.

అంతకంటె ఘోరమైన మాట యున్నది. మార్గమును ఏర్పరచుటకు ఉద్దేశింపబడిన సంఖ్య, మనుష్యుని వెలను నిర్ణయించు సంఖ్యగా మారినది. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినప్పుడు మార్కుల నమోదులో పొరపాట్లు జరిగెనని గొప్ప ఆందోళన కలిగెను. ఆ దినములలో ఇరువదిమంది వరకు విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసెను. 2022వ సంవత్సరములో దేశమంతట ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,000కు పైగా ఉన్నారని ప్రభుత్వ నేర గణాంకములు తెలుపుచున్నవి. ఆ మరణములన్నిటికిని పరీక్షలే కారణము కాదు. అయినను బిడ్డల ఆత్మలను కాయుటకు పిలువబడిన సంఘము ఈ సంఖ్యను చదివి ప్రక్కకు త్రోసివేయజాలదు.

"పిలుపు" అను మాట

పుట్టుకకును ర్యాంకునకును భిన్నముగా సువార్త మూడవ మాటను ఉచ్చరించుచున్నది: పిలుపు. ఈ మాట యొక్క చరిత్ర తెలిసికొనదగినది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక యేడవ అధ్యాయము ఇరువదియవ వచనములో పౌలు "క్లేసిస్" అను గ్రీకు మాటను వాడెను. దాని సామాన్యమైన అర్థము పిలుపు. మధ్యయుగముల పాశ్చాత్య సంఘములో "పిలుపు పొందినవాడు" అనగా ముఖ్యముగా సన్యాసియో, గురువో, కన్యాస్త్రీయో. మార్టిన్ లూథరు ఆ మాటను మఠపు గోడల వెలుపలికి తెచ్చెను. పొలము దున్నువాడును, ఇల్లు ఊడ్చు పనికత్తెయు, బిడ్డను పెంచు తల్లియు విశ్వాసముతో తమ పని చేయునప్పుడు పిలుపును నెరవేర్చుచున్నారని ఆయన బోధించెను. ఆయన వాడిన "బెరూఫ్" అను జర్మను మాటకు నేటికిని వృత్తియను అర్థమే చెల్లుచున్నది.

అయితే అనువాదకుడు ఒక మాటను ఒక దేశమునుండి మరియొక దేశమునకు మోసికొని పోవునప్పుడు, ఆ క్రొత్త నేలలో అది ఎట్లు మొలచునో చూడవలెను. తెలుగు బైబిలు ఆ వచనములో "స్థితి" అను మాటను ఎన్నుకొన్నది. పిలువబడిన స్థితిలోనే నిలిచియుండవలెనను బోధ కులవ్యవస్థ గల దేశములో ఎట్లు వినబడును? తోలు ఊనువాడు తోలు ఊనుచునే యుండవలెనని వినబడును. పౌలు ఉద్దేశము అది కాదని తరువాతి వచనమే చూపుచున్నది. దాసుడు స్వతంత్రుడగుటకు వీలు కలిగినచో స్వాతంత్ర్యమునే కోరుకొనవలెనని తెలుగు అనువాదము దానిని గ్రహించినది. ఆ గ్రీకు వాక్యము యొక్క అర్థమును గూర్చి పండితులలో వాదము కలదు. కాని పత్రిక యంతటి ధోరణినిబట్టి తెలుగు అనువాదకులు చేసిన నిర్ణయము యుక్తమైనదే. పౌలు చెప్పదలచినదేమనగా, ఏ స్థితిలోనున్నను దేవుడు మనుష్యుని పిలువగలడు. పిలుపు వినుటకు ముందుగా స్థితి మార్చుకొనవలసిన అగత్యము లేదు. ఆ స్థితియే దేవుని శాసనమని ఆయన చెప్పలేదు.

కాబట్టి పిలుపు పుట్టుక కాదు, ర్యాంకును కాదు. పుట్టుక వెనుకనుండి త్రోయును. ర్యాంకు ఇతరులతో పోల్చి నిలువబెట్టును. పిలుపైతే పేరు పెట్టి పిలుచును. పిలువబడినవాడు జవాబు చెప్పవలసియుండును. ఒకరి బదులు మరియొకరు ఆ జవాబు చెప్పజాలరు.

షిలోహులో ఒక రాత్రి

తలిదండ్రుల స్థానమేమిటో సమూయేలు చరిత్ర స్పష్టముగా చూపుచున్నది. హన్నా తన కుమారుని పుట్టకముందే దేవునికి మ్రొక్కుకొనెను. బిడ్డ అభిప్రాయము అడుగకయే తల్లి అతని భవిష్యత్తును నిర్ణయించినట్లు ఇది కనబడును. తమ జ్యేష్ఠుని వైద్యునిగానో దైవసేవకునిగానో చేసెదమని మ్రొక్కుకొను తలిదండ్రులు ఈ చరిత్రనే ఆధారముగా చూపుదురు. కాని వృత్తాంతము అంతటితో ముగియలేదు. హన్నా బిడ్డను మందిరములో విడిచినది గాని, ప్రవక్తగా చేయలేదు. ఆ పిలుపు అనేక సంవత్సరముల పిదప, రాత్రివేళ, సమూయేలు పేరనే వచ్చెను. తల్లి మ్రొక్కుబడి అతనిని పిలుపు వినబడు చోట ఉంచినది. పిలుపు స్థానమును ఆక్రమింపలేదు. అంతేగాక, ఆమె ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చుచుండెనని లేఖనము చెప్పుచున్నది. ఎదుగుచున్న బిడ్డకు నిరుటి అంగీ సరిపోదు. ఏటేట ఆమె క్రొత్త కొలతకు కుట్టవలసివచ్చెను. తన కోరిక కొలతకు బిడ్డను కుదింపక, బిడ్డ కొలతకు అంగీని కుట్టిన తల్లి ఆమె.

ఇక ఏలీ సంగతి. అతడు లోపములేని మనుష్యుడు కాడు. తన స్వంత కుమారులను అడ్డగింపలేకపోయినవాడు. పిల్లవాడు మొదటిసారి లేచి తనయొద్దకు పరుగెత్తి వచ్చినప్పుడు అతనికి ఏమియు అర్థము కాలేదు, రెండవసారియు కాలేదు. మూడవసారి గ్రహించెను. గ్రహించిన తరువాత అతడు చేసిన మేలు గొప్పది. ఆ స్వరము తనదని చెప్పుకొనలేదు; తానే ప్రవక్తయై దాని అర్థము చెప్పలేదు. పోయి పండుకొనుమనియు, మరల పిలుపు వచ్చినయెడల ఎట్లు జవాబియ్యవలెనో అదియు బాలునికి నేర్పెను. ఉదయమున ఆ వర్తమానమును దాచక చెప్పుమని కోరెను. అది ఏలీ యింటికి విరోధమైన వర్తమానము! అయినను అతడు బాలుని గద్దింపలేదు. ప్రభువు తనకు తోచినట్లు చేయునుగాక యని తలవంచెను.

బిడ్డ మార్గమును గూర్చి ప్రార్థించు ప్రతి తండ్రియు ఈ ఉదయమును జ్ఞాపకముంచుకొనవలెను. బిడ్డను దేవుని మాట వినుమని పంపినవాడు, తనకు ఇష్టములేని జవాబును కూడ వినుటకు సిద్ధపడవలెను. ఇంజనీరు కావలెనని తాను కోరిన కుమారుడు బడిపంతులునగుదునని చెప్పినప్పుడు, పెండ్లి చేయదలచిన కుమార్తె నర్సు చదువు చదివెదనని చెప్పినప్పుడు, ఆ మాటను దాచక చెప్పుమని అడిగి, ఆలకించి, పరీక్షించి, తగినదైనచో తలవంచుట ఏలీ చేసిన మేలు. పరీక్షింపకుండ ఒప్పుకొనుమని దీని భావము కాదు. పదునారేండ్ల వయస్సులో స్నేహితుడు పోవుచున్న కళాశాలయే పిలుపువలె వినబడవచ్చును. సమూయేలు కూడ మొదట స్వరమును గుర్తింపలేదు. స్వరములను వేరుపరచుటకు పెద్దవారి సహాయము కావలెను. అయితే సహాయము చేయుటకును స్వరమును అపహరించుటకును భేదమున్నది.

తెలియని ద్వారములు

పిలుపు ఆకాశమునుండి మాత్రమే వచ్చునని తలంచి భూమి మీది మార్గములను తెలిసికొనకుండుట భక్తి కాదు. కనాను దేశమును వేగుచూచుటకు మోషే పన్నిద్దరిని పంపెను. వాగ్దానము ఉండగా వేగు ఎందుకని అతడు అనుకొనలేదు. అనేక గృహములలో పదవ తరగతి పిదప ఇంటర్మీడియట్ ఒక్కటే ద్వారమని తలంచుచున్నారు. మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమా కలదు. అది ముగించినవారు ప్రవేశ పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములోనే చేరవచ్చును. ఒకటి రెండేండ్ల ఐ.టి.ఐ. శిక్షణ కలదు, ఆ పిమ్మట 1961వ సంవత్సరపు అప్రెంటీసుల చట్టము క్రింద భృతి పొందుచు కర్మాగారములో పని నేర్చుకొనవచ్చును. ఇంటర్మీడియట్‌లోనే వృత్తివిద్యా శాఖలు కలవు. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయము గ్రామీణ విద్యార్థులను ఉద్దేశించి, పదవ తరగతి కాగానే ఆరేండ్ల చదువులో చేర్చుకొనుచున్నది. ఇంటర్మీడియట్ పిదప మూడేండ్ల నర్సింగు డిప్లొమాయు, నాలుగేండ్ల నర్సింగు పట్టమును కలవు. బడి మానినవారు జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పరీక్షలు వ్రాయవచ్చును. పని చేసికొనుచు పట్టము పొందగోరువారికి 1982లో హైదరాబాదులో స్థాపింపబడి, నేడు డాక్టర్ అంబేద్కరు పేరు వహించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు.

ఖరగపూరులోను, ముంబయిలోను, చెన్నపట్టణములోను నివసించు తెలుగు కుటుంబములకు బోర్డుల పేర్లు వేరు. పండ్రెండవ తరగతియని వారు పిలుచుదురు. ఆందోళన మాత్రము ఒక్కటే. తలిదండ్రులలో ఒకరైనను కళాశాల గడప త్రొక్కని యింటిలో ఈ ద్వారములను గూర్చి చెప్పువారు ఎవరు? సంఘములో బ్యాంకు ఉద్యోగి యున్నాడు, నర్సు ఉన్నది, విద్యుత్ పనివాడున్నాడు, ఉపాధ్యాయురాలున్నది. మే నెలలో ఒక సాయంకాలము వీరు పిల్లలతో కూర్చుండి తమ పనిలోని కష్టసుఖములను దాచక చెప్పినయెడల, అది వాక్యపరిచర్యకు తక్కువైన సేవ కాదు.

ఖర్చును గూర్చియు దాచక మాటలాడవలెను. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము గృహమునకు కూడ వర్తించును. పేరుపొందిన కళాశాల అని పొలము అమ్మి, వడ్డీకి తెచ్చి, ఆ ఋణభారమును బిడ్డ భుజముల మీద "నీకొరకే చేసితిమి" అను మాటతో మోపుట ప్రేమగా కనబడును గాని, ఆ బిడ్డ ఇక స్వేచ్ఛగా జవాబియ్యలేడు. ఇంటిలో ఇద్దరు బిడ్డలుండగా కుమారుని చదువునకు ఋణము చేసి, కుమార్తె చదువును ఇంటర్మీడియట్‌తో ఆపి పెండ్లికి ఆ ధనము దాచుట మరియొక అన్యాయము. తలాంతులను పంచి ఇచ్చిన యజమానుడు ఆమె చేతిలో పెట్టిన తలాంతును పాతిపెట్టుమని తండ్రికి ఆజ్ఞ ఇయ్యలేదు.

ఎవరికి చేయవలసిన ప్రసంగము?

అన్ని పనులును దేవుని యెదుట సమానమే అను బోధ సత్యమైనది. గుడారపు పనిని బెసలేలునకు అప్పగించినప్పుడు దేవుడు అతనిని తన ఆత్మతో నింపెనని నిర్గమకాండము చెప్పుచున్నది. బంగారము పని, రాతిచెక్కడము, కొయ్యపని ఆ ఆత్మవరములుగా ఎంచబడినవి. పౌలు గమలీయేలు పాదములయొద్ద ధర్మశాస్త్రము నేర్చెను. గుడారములు కుట్టుటయు నేర్చెను. కొరింథులో అకుల ప్రిస్కిల్లల యింట ఆ రెండు విద్యలును ఒకే మనుష్యునిలో కలిసియుండెను. రక్షకుడు వడ్రవాడని పిలువబడెను.

అయితే ఈ సత్యమును ఎవరు ఎవరికి బోధించుచున్నారో గమనింపవలెను. తన పిల్లలను పెద్ద పట్టణములకును విదేశములకును పంపినవాడు, కూలివాని కుమారునితో చేతిపని కూడ గొప్పదేయని చెప్పినయెడల, 1953 నాటి పథకము మరల ప్రసంగవేదిక ఎక్కినట్లే. పనులన్నియు సమానమను బోధ మొదట చేయవలసినది ఉన్నవారి యిండ్లలో. అధికారి కుమారుడు వడ్రంగము నేర్చుకొనగోరినప్పుడు ఆ యింట దుఃఖము కలుగనంతవరకు, చర్మకారుని మనుమరాలు వైద్యురాలగుదునన్నప్పుడు నవ్వు పుట్టనంతవరకు, సంఘము ఈ బోధను నిజముగా నమ్మినదని చెప్పరాదు.

విలియం కేరీ చరిత్రలో ఈ రెండు మార్గములును కలిసియున్నవి. ఆయన ఇంగ్లండులో చెప్పులు కుట్టు పని నేర్చుకొన్నవాడు. కళాశాల చదువు లేదు. పని చేయుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను స్వయముగా నేర్చెను. 1793లో బంగాళమునకు వచ్చెను. శ్రీరాంపురమునుండి తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చుపడినది. అదే సంవత్సరము, కళాశాల గడప త్రొక్కని ఆ చర్మకారుడు తన సహచరులతో కూడ శ్రీరాంపురము కళాశాలను స్థాపించెను. చేతిపని తనకు అవమానమని ఆయన తలంపలేదు. చేతిపనివానికి విద్య తగదనియు తలంపలేదు.

ఈ సందర్భమున దైవసేవకు పోవు మార్గమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఏ కళాశాలలోను చోటు దొరకని కుమారుని వేదాంత పాఠశాలకు పంపుదము అను ఆలోచన కొన్ని గృహములలో వినబడుచున్నది. కుంటిదానిని, గ్రుడ్డిదానిని బలిపీఠమునకు తెచ్చినవారిని మలాకీ ప్రవక్త గద్దించెను. పరీక్ష తప్పినవాడు దేవునికి పనికిరాడని దీని భావము కాదు. దేవుడు అట్టివారిని అనేకులను పిలిచియున్నాడు. పిలుపు లేకుండ, వేరు గతి లేక ఒకని పంపుటయే దోషము. అది సేవకును అవమానము, ఆ యౌవనునికిని అన్యాయము.

మార్కును వెదకిన బర్నబా

చివరగా, ఆ ఆదివారము మందిరమునకు రాని పిల్లవాని సంగతి. మార్కు అను మారుపేరు గల యోహాను పౌలు బర్నబాలతో ప్రయాణమై, పంఫూలియలో వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. కారణమేమో లేఖనము చెప్పలేదు. తరువాత అతనిని మరల వెంట తీసికొనిపోవుటకు పౌలు ఒప్పుకొనలేదు. పౌలు తీర్పు అన్యాయమని చెప్పలేము. పని మధ్యలో విడిచినవానిని నమ్ముట కష్టము. కాని బర్నబా అతనిని చేరదీసి కుప్రకు వెంటబెట్టుకొని పోయెను. ఏండ్లు గడచిన పిదప పౌలు చెరసాలనుండి వ్రాయుచు మార్కు తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని చెప్పి, అతనిని వెంటబెట్టుకొని రమ్మని కోరెను. సువార్తలలో ఒకటి ఆ పేరనే వెలసినది.

పరీక్ష తప్పిన బిడ్డకు పౌలువంటి పరీక్షకులు కొదువ లేరు; బర్నబాలు కొదువ. సంఘము ఆ యింటికి పోవలెను. పోయి ప్రసంగము చేయనక్కరలేదు. ఆ బిడ్డతో కూర్చుండి అన్నము తినవచ్చును. కొన్ని వారములలోనే మరల పరీక్ష వ్రాయుటకు అవకాశమున్నదని చెప్పవచ్చును. లెక్కలు నేర్పగలవాడు సాయంకాలము ఒక గంట ఇయ్యవచ్చును. ఆ బిడ్డ మౌనము మరీ లోతుగానున్నచో, బ్రతుకుట వ్యర్థమన్న మాట ఒక్కసారి వినబడినను, దానిని బెదరింపుగా ఎంచక, పాపమని గద్దింపక, ఒంటరిగా విడువక, వెంటనే వైద్యుని సహాయము కోరవలెను. తొంబదితొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన కాపరి, తప్పిపోయిన గొఱ్ఱె మార్కులను అడుగలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. పిలుచు అధికారము దేవునిది. జవాబిచ్చు బాధ్యత బిడ్డది. ఆ జవాబును తండ్రిగాని తల్లిగాని బోర్డుగాని బిడ్డ బదులు చెప్పరాదు. బిడ్డ వినగల చోటు ఏర్పరచుట తలిదండ్రుల పని; ద్వారములను చూపుటయు, లేనివానికి కలిగినంతలో సహాయము చేయుటయు, పడినవానిని లేవనెత్తుటయు సంఘము పని. పిలుపు ఒక్కసారియే వచ్చి ఆగిపోదు. సమూయేలునకు నాలుగుమారులు వచ్చెను. యోనాకు రెండుమారులు వచ్చెను. మోషేకు ఎనుబది యేండ్ల వయస్సున వచ్చెను. పదునారేండ్లకు చేసిన నిర్ణయము తరువాత తప్పని తేలినను దేవుని చేతిలోనుండి ఎవరును జారిపోరు.

రాబోవు సంవత్సరము ఫలితముల ఆదివారమున మందిరపు వాకిట పెద్దలు ఆ పాత ప్రశ్ననే అడుగుదురు గాక. కాని తండ్రిని కాక ఆ బిడ్డను చూచి అడుగుదురు గాక. "నీవు ఏమి చేయగోరుచున్నావు, అమ్మా? నీకు ఏ పని చేయునప్పుడు సంతోషము? దానివలన ఎవరికి మేలు?" అని అడిగి, జవాబు వచ్చువరకు ఓపికతో నిలుచుదురు గాక. అటుపిమ్మట పంచిన మిఠాయిలో కొంత పొట్లము కట్టుకొని, రాని పిల్లవాని యింటి వైపు నడుతురు గాక.